చాయ్ తాగితే ఛాతీలో మంట ఎందుకు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు కవిత రాయాలా, జ్ఞాపకం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. కవిత మనవల్ల కాదు. నేను చేసేది మందులు ఇచ్చే పని. నా కిటికీ ముందు నిలబడేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే, "సారూ, గ్యాస్ గోలీ ఇయ్యి." "రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతవ్?" అంటే నవ్వి ఊరుకుంటారు. అందుకే ఆ చాయ్ సంగతే రాస్తున్నాను. నర్సంపేటలో చదువుకున్న మనకు చాయ్ గురించి ఒకరు చెప్పాలా అనకండి, చివరిదాకా చదవండి.

2003లో మేము పదో తరగతి. రాత్రి ఏడున్నరకు అన్నం, పది దాకా స్టడీ అవర్. ఆ తర్వాత వాచ్‌మన్ కళ్లుగప్పి ఇద్దరు బస్టాండు వైపు పోయి స్టీలు డబ్బాలో నాలుగు చాయ్‌లు తెచ్చేవారు. దాన్ని పది మందిమి పంచుకునేవాళ్లం. మాలో ఒకడు రాత్రి అన్నమే మానేశాడు. "అన్నం తింటే నిద్రొస్తది, చాయ్ తాగితే చదువొస్తది" అనేవాడు. లెక్కల పరీక్ష ముందు రోజు రాత్రి రెండు గంటలకు ఛాతీ పట్టుకుని లేచి కూర్చున్నాడు. గుండెపోటే అనుకున్నాం. వార్డెన్ సారును లేపి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు గారు చెయ్యి పట్టి చూసి, "రాత్రి ఏం తిన్నవ్ బిడ్డా?" అన్నారు. "చాయ్." "మధ్యాహ్నం?" "కొంచెం అన్నం, చాయ్." "పొద్దున?" "చాయ్." ఆయన ఒక సిరప్ తాగించి పంపించారు. మావాడు పొద్దున కళ్లు ఎర్రగా చేసుకుని పరీక్ష రాశాడు. లెక్కల్లో అందరికంటే ముందుండేవాడు, ఆ పేపరులో మాత్రం సగం వదిలేసి వచ్చాడు.

ఇంతకూ ఆ రాత్రి వాని ఛాతీలో జరిగింది ఏమిటి? మన జీర్ణాశయంలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా జఠర రసం ఊరుతుంది. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సైన్సు ల్యాబులో సీసాలో చూసిన అదే ఆమ్లం. జీర్ణాశయం లోపలి గోడకు జిగట పొర కాపలా ఉంటుంది కనుక ఆమ్లం దాన్ని కాల్చదు. దాని పైనున్న అన్నవాహికకు అంత కాపలా లేదు. ఈ రెండూ కలిసే చోట ఉంగరం లాంటి కండరం ఒకటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుంటుంది, దిగాక బిగుసుకుంటుంది. అది వేళకాని వేళ వదులైతే ఆమ్లం పైకి తన్నుతుంది. పులితేన్పులు, గొంతులో చేదు, రొమ్ము ఎముక వెనక మంట అన్నీ అందువల్లనే. దాన్ని మనవాళ్లు గ్యాస్ అంటారు గానీ అసలు సమస్య గాలి కాదు, ఆమ్లం.

ఇక చాయ్, కాఫీల పాత్ర చూద్దాం. రెండింటిలోనూ కెఫీన్ ఉంటుంది, కాఫీలో ఎక్కువ. కెఫీన్ ఆమ్లాన్ని ఎక్కువ ఊరేలా చేస్తుంది, కొందరిలో ఆ ఉంగర కండరాన్ని వదులు చేస్తుంది. అయితే పాపమంతా కెఫీన్‌దే కాదు. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా ఆమ్లాన్ని బాగానే ఊరిస్తుందని 1975లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 2013లో జపాన్‌లో ఎనిమిది వేల మంది ఆరోగ్యవంతులను పరిశీలిస్తే కాఫీకీ, ఈ మంటకూ సంబంధం కనిపించలేదు. అమెరికాలో నలభై ఎనిమిది వేల మందికి పైగా నర్సుల మీద జరిపిన పరిశీలనలో మాత్రం రోజుకు ఆరు కప్పులు దాటిన వారిలో మంట ఎక్కువగా కనిపించింది. కాఫీతోనూ అంతే, చాయ్‌తోనూ అంతే. కాబట్టి చాయ్ అందరికీ విషం కాదు. ఒకడు పది తాగినా ఏమీ కాదు, ఇంకొకడికి రెండోదే పడదు. ఎవరికి వారే రెండు వారాలు మానేసి చూసుకోవాలి. మంట తగ్గితే జవాబు దొరికినట్టే.

నన్ను అడిగితే మన దగ్గర చాయ్ కంటే చాయ్ తాగే తీరు ఎక్కువ చెడ్డది. మనం చాయ్‌ని అన్నానికి బదులు తాగుతాం. మిరప కోతలకు పోయే అమ్మలు తెల్లారకముందే చాయ్ నీళ్లు తాగి బయలుదేరి, పదకొండింటి దాకా ఏమీ తినరు. ఆకలిని చాయ్‌తో చంపడం మన ఇండ్లలో కొత్త కాదు, హాస్టల్‌కు వచ్చిన పిల్లలం అది చూసే పెరిగాం. కడుపులో తిండి ఉంటే ఊరిన ఆమ్లాన్ని అది కొంత పీల్చుకుంటుంది. ఏమీ లేకపోతే ఆమ్లం ఖాళీగా తిరుగుతుంది. పైగా మన కూరల్లో కారం సంగతి తెలిసిందే. మన వైపు పండే చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది రంగుకు ఎరుపే గానీ ఘాటు తక్కువ. మంట ఉన్నవాళ్లకు మిగతా మిరపకాయలు అంత దయ చూపవు.

దీనికంటే ప్రమాదం ఇంకొకటుంది. నడుం నొప్పి అని డైక్లోఫెనాక్ గోలీని ఖాళీ కడుపు మీద చాయ్‌తో వేసుకోవడం. మా బంధువు ఒకాయన నెలల తరబడి అట్లా చేసి, ఒకనాడు కాఫీ పొడిలా నల్లగా వాంతి చేసుకున్నాడు. అది మంట కాదు, జీర్ణాశయంలో పుండు పడి రక్తం కారడం. రక్తం ఎక్కించి బతికించారు. మీ అమ్మానాన్నల గోలీల సంచి ఈ సెలవుల్లో ఒకసారి విప్పి చూడండి.

రాత్రి చదివే తమ్ముళ్లకు ఒక లెక్క చెబుతాను. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గాలంటే సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండుకు తాగిన చాయ్‌లో సగం తెల్లవారుజామున నాలుగింటికి కూడా మీలోనే ఉంటుంది. తాగి, పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే ఆమ్లానికి ఎక్కాల్సిన ఎత్తే ఉండదు, నేరుగా వచ్చేస్తుంది. అన్నానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం ఉన్నవాళ్లు తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోవచ్చు. ఉత్త దిండు ఎత్తు చేస్తే మెడ నొస్తుంది తప్ప లాభం లేదు. మాలాగా చాప మీద పడుకునేవాళ్లు ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. పొద్దున చాయ్ మానలేకపోతే టిఫిన్ తర్వాత తాగండి. ఐరన్ గోలీలు వేసుకునే చెల్లెళ్లు మాత్రం గోలీకీ చాయ్‌కీ కనీసం గంట ఎడం పెట్టాలి, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

గోలీల విషయం. మా కాలంలో అందరూ మింగిన రానిటిడిన్‌ను, క్యాన్సర్ కలిగించే అవకాశమున్న మలినం అందులో ఉందని 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించారు. మన దేశం కూడా 2022లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితా నుంచి తప్పించింది. ఇప్పుడు అందరూ అడిగేది పాంటోప్రజోల్. దాన్ని తిండికి అరగంట ముందు మంచినీళ్లతో వేసుకోవాలి. చాలామంది తిన్నాక, మంట మొదలయ్యాక వేసుకుని "పనిచేస్తలేదు సారూ" అంటారు. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి మింగే మందు కూడా కాదది.

ముద్ద గొంతులో అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విరేచనం తారులా నల్లగా అవుతున్నా గోలీతో సరిపెట్టుకోక డాక్టరు దగ్గరకు పోవాలి. ఛాతీ నొప్పితో చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

లెక్కల పేపరు సగం వదిలేసిన మావాడు సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. రోజుకు రెండే చాయ్‌లట, అదీ తిన్నాక. పోయినసారి కలిసినప్పుడు బస్టాండు దగ్గర మూడోది తాగమంటే, "నువ్వు తాగు, నేను డబ్బులిస్త" అన్నాడు.

- ఒక పూర్వ విద్యార్థి, 2003 బ్యాచ్