దిగి ఇంటికి వెళ్లే సిపాయి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. మా అన్నవరానికి కాకినాడ సుమారు 50 కిలోమీటర్లు. అంటే రెండో ప్రపంచ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిందన్నమాట. ఈ వేసవిలో సండే స్కూలు పిల్లలతో కలిసి, ఆ యుద్ధంలో అమెరికా సైన్యం నడిపిన విల్లీస్ జీపు నమూనాను ప్లాస్టిక్ ముక్కలతో కట్టాం. ఆ ముక్కల పెట్టెను తయారుచేసింది జపాన్‌కు చెందిన తమియా సంస్థ! ఒకనాటి శత్రువు బండిని అంత శ్రద్ధగా మలిచి పిల్లల చేతికి అందిస్తున్నారు.

నమూనా కొలత 1/35. అసలు బండిలో 35 సెంటీమీటర్లు ఇందులో ఒక సెంటీమీటరు. సుమారు 3.3 మీటర్ల జీపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లయి అరచేతిలో ఇమిడిపోయింది. ముక్కలను ఫ్రేము నుంచి కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు పెట్టకముందే ఒకసారి అమర్చి చూసుకోవాలి. తొందరపడితే చక్రం వంకరపోతుంది. మాకూ పోయింది! ఈ జిగురు కాగితాలంటించే బంక లాంటిది కాదు. రెండు ముక్కల అంచులనూ కాస్త కరిగిస్తుంది. ఆరాక రెండూ ఒక్కటవుతాయి. కరగనిదే కలయిక లేదని పిల్లలకు చెప్పాం. విరోధులిద్దరినీ క్రీస్తు ఏకం చేశాడని పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన సంగతీ గుర్తుచేశాం.

పాఠం బాగానే కుదిరిందనుకున్నాం. అయితే ఆకుపచ్చ రంగు వేసి, బానెట్‌పై తెల్ల నక్షత్రం అంటించగానే పిల్లలు నోటితో తుపాకీ మోతలు మొదలుపెట్టారు. మేమూ నవ్వేశాం. ఒక బాబు మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న సైన్యంలో డ్రైవరు, సరిహద్దులో ఉన్నారు. డ్రైవరు బొమ్మకు జిగురు రాయబోతుంటే మా చెయ్యి పట్టుకున్నాడు. "అతికించొద్దండి అయ్యగారూ! దిగి ఇంటికి వెళ్లాలి కదండీ" అన్నాడు. మాకు మాట రాలేదు.

యుద్ధం అరచేతిలోకి వస్తే ఎంత ముద్దుగా కనిపిస్తుంది! కొలత తగ్గిస్తే బండి చిన్నదవుతుంది, ఎదురుచూసే ఇంటి దిగులు చిన్నది కాదు. ప్రతి ఆదివారం సైనికుల కోసం ఒక్క వాక్యంలో ప్రార్థన ముగించే మేము, ఆ ఇంటి తలుపు ఎన్నిసార్లు తట్టాం? వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా సిగ్గేసింది. ఆ సాయంత్రమే వెళ్లాం.

స్వాతంత్ర్యం వచ్చాక బొంబాయిలో మహీంద్రా సంస్థ ఇవే విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. యుద్ధం కోసం పుట్టిన బండి మన మన్యం దారుల్లో జనాన్ని చేరవేసింది. కత్తులు నాగళ్లయ్యే రోజును దర్శించిన యెషయాకు ఇది చూస్తే సంతోషమే కలిగేది.

ఇప్పుడా జీపు మా బల్ల మీద ఉంది. డ్రైవరును అతికించలేదు. దుమ్ము దులిపినప్పుడల్లా కిందపడుతుంటాడు. తీసి కూర్చోబెడుతూ ఆ బాబు నాన్న పేరు చెప్పి ప్రార్థిస్తున్నాం. మీ వీధిలోనూ అలా ఎదురుచూసే ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం ఆ గడప తొక్కి రండి.