దేవరగట్టు కర్ర నుంచి మ్యాజిక్ స్టేజీ దాకా: దెబ్బ తగిలితే డబ్బు ఎవరిస్తారు?

ఆదోని: దసరా రాత్రి వచ్చిందంటే ఆదోని, ఆలూరు ఆస్పత్రులకు పని పెరుగుతుంది. హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వర స్వామి కల్యాణం అర్ధరాత్రి జరుగుతుంది. ఆ తర్వాత ఉత్సవ విగ్రహాల ఊరేగింపుతో ‘బన్ని’ మొదలవుతుంది. విగ్రహాలకు కాపలాగా నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు ఉంటారు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి లాంటి ఊళ్ల వాళ్లు ఇంకోవైపు ఉంటారు. చేతుల్లో ఇనుప రింగులు తొడిగిన కర్రలు, దివిటీలు.

2025 దసరా రాత్రి ఇక్కడ ఇద్దరు చనిపోయారు, వంద మంది దాకా గాయపడ్డారు. 2023లో చూడ్డానికి చెట్టెక్కిన వాళ్ల బరువుకు కొమ్మ విరిగి ప్రాణం పోయింది. అంటే కర్ర పట్టనివాళ్లకు కూడా ప్రమాదం తప్పలేదు.

ప్రతి ఏటా పోలీసు బందోబస్తు, డ్రోన్లు, ఆచారం గురించి చాలా మాట్లాడుకుంటారు. తల పగిలినవాడి ఆస్పత్రి ఖర్చు ఎవరు కట్టాలి, సంపాదించే మనిషి పోతే ఆ ఇల్లు ఎలా గడవాలి అన్న మాట మాత్రం పెద్దగా రాదు.

ఈ ప్రశ్న దేవరగట్టుకే కాదు. జాతరల్లో, స్కూల్ ఫంక్షన్లలో, పెళ్లి రిసెప్షన్లలో షో చేసే మ్యాజిక్ వాళ్లకూ ఇదే ప్రశ్న. నోట్లోంచి మంట ఊదడం, కత్తులు దూర్చిన పెట్టెలో మనిషిని పెట్టడం, ముందు వరుసలో కూర్చున్న పిల్లాడిని స్టేజీ మీదికి పిలవడం వాళ్ల పనిలో భాగం. పీర్ల పండుగలో నిప్పుల గుండం తొక్కేవాళ్లదీ ఇదే పరిస్థితి. జనం మధ్య ప్రమాదంతో కూడిన పని చేసే ఎవరికైనా బీమా లెక్క ఒకటే.

రెండు రకాల దెబ్బలు

బైక్ ఇన్సూరెన్స్ తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మన బండికి, మనకు జరిగే నష్టం ఒకటి. మన బండి తగిలి ఎదుటివాడికి జరిగే నష్టం ఇంకొకటి. రెండోదాన్నే థర్డ్ పార్టీ అంటాం. చట్టం తప్పనిసరి చేసింది ఆ రెండోదాన్నే.

ప్రదర్శనల్లోనూ అంతే. మెజీషియన్ చెయ్యి కాలితే పనికొచ్చేది అతని సొంత ప్రమాద బీమా. అతని మంట ఎగిరి ప్రేక్షకుడి చీర అంటుకుంటే ఆ పాలసీ ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. దానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరుగా ఉండాలి. బయటివాళ్లకు గాయమైనా, ఆస్తి నష్టమైనా చట్టప్రకారం మనం కట్టాల్సిన పరిహారాన్ని పాలసీలో రాసిన పరిమితి వరకు కంపెనీ కడుతుంది.

‘పబ్లిక్ లయబిలిటీ చట్టం ఉంది కదా’ అని కొందరు అనుకుంటారు. 1991లో వచ్చిన ఆ చట్టం భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ప్రమాదకర రసాయనాలు వాడే సంస్థల కోసం తెచ్చింది. జాతరకి, మ్యాజిక్ షోకి అది వర్తించదు. ఇక్కడ పాలసీ తీసుకోవడం నిర్వాహకుడి ఇష్టం. అందుకే చాలామంది తీసుకోరు.

అనుమతి ఉంటే సరిపోదు

2019 జూన్ 16న కోల్‌కతాలో మెజీషియన్ చంచల్ లాహిరి గొలుసులు, తాళాలతో కట్టించుకుని హుగ్లీ నదిలోకి దిగాడు. మళ్లీ పైకి రాలేదు. షో పడవ మీదే జరుగుతుందని చెప్పినందుకే అనుమతి ఇచ్చామని పోలీసులు తర్వాత చెప్పారు.

దీన్ని బీమా వైపు నుంచి చూస్తే పాఠం ఒకటుంది. దరఖాస్తులో ‘కార్డులు, రుమాళ్ల ట్రిక్కులు’ అని రాసి స్టేజీ మీద మంట పెడితే, ప్రమాదం జరిగినప్పుడు కంపెనీ ఆ దరఖాస్తునే బయటికి తీస్తుంది. ముఖ్యమైన విషయం దాచారని క్లెయిమ్ తిరస్కరిస్తుంది. మంట, కత్తులు, నీళ్లు, జంతువులు ఉంటే ముందే రాయాలి. ప్రీమియం కొంచెం పెరగొచ్చు, కానీ డబ్బు చేతికొచ్చేది అప్పుడే.

రెండో కేసు అమెరికాది. ప్రపంచ ప్రసిద్ధ మెజీషియన్ డేవిడ్ కాపర్‌ఫీల్డ్ లాస్ వేగాస్‌లో ప్రేక్షకులను మాయం చేసి, హాలు వెనక ప్రత్యక్షం చేసే ట్రిక్ చేసేవారు. 2013లో అలా పాల్గొన్న ఒక బ్రిటిష్ పర్యాటకుడు చీకటి దారిలో పరిగెత్తుతూ పడి, దెబ్బ తగిలిందని కోర్టుకెళ్లాడు. 2018లో జ్యూరీ ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది. కాపర్‌ఫీల్డ్ వైపు నిర్లక్ష్యం ఉందని ఒప్పుకుంటూనే, పూర్తి బాధ్యత పర్యాటకుడిదే అని తేల్చింది. అతనికి పరిహారం రాలేదు.

‘వాడే ఇష్టపడి కర్ర పట్టాడు కదా’ అని దేవరగట్టు గురించి వినిపించే మాట కూడా ఇలాంటిదే. కానీ మన దగ్గర ఆ మాట అన్నిచోట్లా చెల్లదు. ఒప్పుకుని ఆడే ఆటలో తగిలే దెబ్బకు భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తుంది. చావుకు గానీ తీవ్ర గాయానికి గానీ దారితీస్తుందని తెలిసి చేసే పనికి ఆ మినహాయింపు లేదు. ఇక చెట్టెక్కి చూసినవాడు దేనికి ఒప్పుకున్నట్టు?

ముంబైలో ఎలా చేశారు?

బ్రిటన్‌లో నటులు, ఇతర కళాకారుల సంఘం ఈక్విటీలో సభ్యత్వం తీసుకుంటే కోటి పౌండ్ల వరకు పబ్లిక్ లయబిలిటీ కవర్ దానితోపాటే వస్తుంది. మనకు దగ్గర ఉదాహరణ ముంబైలో ఉంది. అక్కడి జీఎస్‌బీ సేవా మండల్ 2025 గణేశ్ ఉత్సవానికి 474.46 కోట్ల బీమా తీసుకుంది. అందులో విగ్రహం నగలు మాత్రమే లేవు. వాలంటీర్లు, పూజారులు, వంటవాళ్లు, చెప్పులు చూసేవాళ్లకు ప్రమాద బీమా ఉంది. వచ్చే భక్తుల కోసం పబ్లిక్ లయబిలిటీ కూడా ఉంది.

ఇంకా దగ్గర పోలిక దహీ హండీ. మనుషుల మీద మనుషులు ఎక్కి ఉట్టి కొట్టే గోవిందాలకు మహారాష్ట్ర ప్రభుత్వమే ప్రీమియం కడుతోంది. 2023లో 50 వేల మందికి తలకు 75 రూపాయల చొప్పున కట్టింది. చనిపోతే 10 లక్షలు. 2025లో ఆ సంఖ్యను లక్షన్నరకు పెంచింది.

దేవరగట్టులో ఎక్కడ ఆగుతుంది?

మరి బన్నికి ఎందుకు కుదరడం లేదు? మూడు అడ్డంకులు కనిపిస్తాయి.

మొదటిది పేర్లు. గోవిందాలు జట్లుగా నమోదవుతారు కాబట్టి కంపెనీకి జాబితా దొరుకుతుంది. దేవరగట్టుకి ఎవరు వస్తారో, ఎవరి చేతిలో కర్ర ఉంటుందో జాబితా లేదు.

రెండోది ‘ప్రమాదం’ అన్న మాటకు అర్థం. బీమాలో ప్రమాదమంటే అనుకోకుండా, మన ఇష్టం లేకుండా జరిగింది. కర్రతో కర్రల మధ్యకు వెళ్లినవాడి గాయం ఆ లెక్కలోకి వస్తుందా అని కంపెనీ అడుగుతుంది. ప్రైవేటు ప్రమాద పాలసీల్లో మద్యం మత్తులో జరిగినవాటికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది.

మూడోది భయం. కేసు అవుతుందేమోనని గాయం మీద పసుపు అద్దుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లున్నారు. ఆస్పత్రికి వెళ్లినా మెట్ల మీద జారిపడ్డానని చెబితే రికార్డు తప్పుగా పడుతుంది. పది రోజుల తర్వాత ప్రాణం మీదికి వస్తే, ఆ తప్పు కాగితమే కుటుంబానికి అడ్డం పడుతుంది.

20 రూపాయల పాలసీ

పెద్ద పాలసీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉండి, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు లేదా రెండు చేతులు, కాళ్లు పోయినా 2 లక్షలు. ఒక కన్ను లేదా ఒక చెయ్యి, కాలు పోతే లక్ష. హత్యకు గురైనా వర్తిస్తుంది, ఆత్మహత్యకు వర్తించదు. ఆస్పత్రి ఖర్చు మాత్రం ఇవ్వదు.

ఈ బీమా జూన్ 1 నుంచి మే 31 వరకు నడుస్తుంది. మే చివర్లో ఖాతాలో 20 రూపాయలు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. చాలా ఇళ్లలో ‘ఉందనుకున్న’ పాలసీ లేకుండా పోయేది ఇక్కడే. నామినీ పేరు కూడా ఒకసారి బ్యాంకులో చూసుకోవాలి. ప్రేక్షకులకు తగిలే దెబ్బకు ఇది పనికిరాదని మాత్రం మెజీషియన్లు మర్చిపోకూడదు.

దెబ్బ తగిలిన మొదటి గంట

షో వెంటనే ఆపాలి. 108కి ఫోన్ చేయాలి. స్టేజీ, సామాను కదిలించకముందే ఫోటోలు తీయాలి. చూసినవాళ్ల పేర్లు, నంబర్లు రాసుకోవాలి. ఆస్పత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించాలి.

లయబిలిటీ పాలసీ ఉంటే అదే రోజు కంపెనీకి తెలపాలి. గాయపడినవాళ్లకు సాయం చేయొచ్చు, చేయాలి కూడా. కానీ కంపెనీకి చెప్పకుండా ‘తప్పు నాదే, ఇంత ఇస్తా’ అని కాగితం రాసిస్తే తర్వాత కంపెనీ తప్పుకునే అవకాశం ఉంది.

సురక్షా బీమాకైతే 30 రోజుల్లోపు బ్యాంకులో క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. మరణమైతే ఎఫ్ఐఆర్ లేదా పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. వైకల్యమైతే ప్రభుత్వ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడా తేలకపోతే ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

బన్ని ఆగాలా, సాగాలా అన్నది ఊళ్లు, ప్రభుత్వం తేల్చుకోవాల్సిన విషయం. అది తేలేలోపు ఇంకో దసరా వస్తుంది. కర్ర పట్టే కొడుకు ఉన్న ఇల్లయినా, మంట ఊదే మెజీషియన్ ఇల్లయినా ఆ లోపు బ్యాంకు పాస్‌బుక్ ఒకసారి తెరిచి, ఆ 20 రూపాయలు కట్ అయ్యాయో లేదో చూసుకోవడం మంచిది.