మూడేళ్ల దళం, బతుకంతా డ్యూటీ

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలానికి తూర్పు హద్దు సముద్రమే. తుపాను హెచ్చరిక వస్తే కోడూరు బీచ్‌కు వచ్చినవాళ్లను వెనక్కి పంపాలి. పడవలు వేటకు పోకుండా చూడాలి. పల్లపు ఊళ్ల జనాన్ని పునరావాస కేంద్రాలకు చేర్చాలి. ఇలాంటి పనుల్లో పోలీసుల పక్కన ఖాకీ వేసుకుని నిలబడేవాడు హోంగార్డు. ఒంటిమీద యూనిఫాం ఉన్నా అతనికి జీతం లేదు. డ్యూటీ చేసిన రోజుల లెక్కన భత్యం ఇస్తారు. ఎందుకిలా అంటే, ఇలాంటి దళాల పుట్టుకలోకి వెళ్లాలి.

1914: అరగంట దాడి

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసుపై అరగంట పాటు సుమారు 130 గుండ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడ్డాయి. సైన్యం చాలావరకు పరదేశాల్లో పోరాడుతుంటే ఇంటిని కాసేదెవరన్న ప్రశ్న యుద్ధం సాగేకొద్దీ పెద్దదైంది.

1917–20: మూడేళ్ల ఆయుష్షు

జవాబుగా 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ వచ్చింది. ఇక్కడున్న 16 నుంచి 50 ఏళ్ల యూరోపియన్ పురుషులు పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి. భారతీయులు ఇష్టపడితే చేరవచ్చు. యుద్ధం ముగిశాక, 1920లో ఆ దళం స్థానంలో వేరే ఏర్పాట్లు వచ్చాయి. బ్రిటన్‌లోనూ ఇదే కథ. 1940 మే 14న పిలుపు ఇచ్చి కూడగట్టిన వాలంటీర్లకే తర్వాత హోంగార్డులని పేరు పెట్టారు. 1944 డిసెంబరు 3న వాళ్లను విధుల నుంచి తప్పించారు. ముప్పు తీరగానే వాలంటీరు ఇంటికి వెళ్లి తన పని చూసుకోవాలి. ఇలాంటి దళాల మూలసూత్రం అది.

1946, 1962: సూత్రం మారింది

మన హోంగార్డు దళం 1946 డిసెంబరు 6న బొంబాయిలో మొదలైంది. అప్పటి అల్లర్లలో పోలీసులకు సాయంగా దాన్ని ఏర్పాటు చేశారు. నెల్లూరు అప్పట్లో ఉమ్మడి మద్రాసులో ఉండేది. అక్కడ 1948లో హోంగార్డుల చట్టం వచ్చింది. 1962లో చైనాతో యుద్ధం తర్వాత రాష్ట్రాల్లోని స్వచ్ఛంద దళాలన్నిటినీ హోంగార్డులన్న ఒకే పేరు కిందికి తేవాలని కేంద్రం సూచించింది. సభ్యత్వం మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు. ఆ గడువును పొడిగిస్తూ పోవడంతో ఎంతోమందికి ఇదే బతుకుతెరువైంది. ట్రాఫిక్, బందోబస్తు, జాతరలు, ఎన్నికలు, వరదలు... వీటిలో ఆగిపోయే పని ఏదీ లేదు. తుపాను సంధి పత్రం మీద సంతకం పెట్టదు కదా!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు జిల్లా వానకు అల్లాడిపోయింది. మర్నాడే హోంగార్డుల ఆవిర్భావ దినం.

4,86,401: ఉన్నవాళ్లు

కేంద్ర హోంశాఖ ప్రకటించిన లెక్కలో దేశానికి మంజూరైన హోంగార్డులు 5,73,793 మంది. దళంలో ఉన్నవాళ్లు 4,86,401. అంటే 87,392 ఖాళీలు, నూటికి 15. ఆ బరువు కూడా ఉన్నవాళ్ల భుజాల మీదే పడుతుంది.

రూ.710: రోజు భత్యం

హోంగార్డులను రెగ్యులర్ ఉద్యోగులుగా చేయాలన్న కోరికను 2015 మార్చి 11న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అయితే 30 రోజుల భత్యం కలిపితే రాష్ట్ర పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనమంత ఉండాలని చెప్పింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రోజు భత్యాన్ని రూ.600 నుంచి రూ.710కి పెంచారు. ముప్పై రోజులూ డ్యూటీ చేస్తే రూ.21,300. 2022 వేతన సవరణలో కానిస్టేబుల్ కనీస మూలవేతనం రూ.25,220 అయింది. కరువు భత్యం కలపకుండానే తేడా రూ.3,920. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజు భత్యం రూ.921 నుంచి రూ.1,000కి పెరిగింది.

చేయాల్సింది

కొన్నాళ్ల సేవకు భత్యం చాలు. ఏళ్ల తరబడి రోజూ చేయించుకునే పనికి ఇవ్వాల్సింది వేతనమే. కానిస్టేబుల్ కనీస వేతనం సవరించిన ప్రతిసారీ హోంగార్డు భత్యం దానంతట అదే పెరిగేలా ప్రభుత్వం ఉత్తర్వులివ్వాలి. దీనికి కొత్త సూత్రం కనిపెట్టనక్కర్లేదు. సుప్రీంకోర్టు 2015లోనే లెక్క కట్టి చూపించింది.