మీకు తెలుసా? వీఆర్ హెడ్‌సెట్‌తో రేసు కారెక్కే ముందు

వీఆర్ హెడ్‌సెట్‌లో తెర కంటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయినా దూరంలో ఉన్నవి మసకగా కనిపించేవారు కళ్లజోడు తీయకుండానే రేసు ఆడాలని మీకు తెలుసా? తెరకూ కంటికీ మధ్య ఉన్న లెన్సులు ఆ బొమ్మను మీటరు, రెండు మీటర్ల అవతల ఉన్నట్టు చూపిస్తాయి. చేతి ముందున్న స్పీడోమీటరైనా, కిలోమీటరు అవతలి మలుపైనా కంటికి అదొక్కటే దూరం. చత్వారం వచ్చినవారిలో చాలామంది చదువుకునే అద్దాలు లేకుండానే డాష్‌బోర్డు అంకెలు చదవగలిగేది అందుకే. కళ్లజోడు హెడ్‌సెట్ లెన్సుకు తగిలితే రెండింటికీ గీతలు పడతాయి. కళ్లజోడుకు చోటిచ్చే స్పేసర్ ఉంటే ముందు అది బిగించుకోండి.

కళ్లజోడు చేయించుకునేటప్పుడు షాపులో ‘పీడీ’ అని ఒక అంకె రాసుకుంటారు. రెండు కంటిపాపల మధ్య దూరం అది. పెద్దవారిలో సగటు 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది గానీ, 57 ఉన్నవారూ 70 ఉన్నవారూ మన చుట్టూనే ఉంటారు. కొత్త హెడ్‌సెట్‌లో మొట్టమొదట సరిచేయాల్సింది ఈ అంకెనే. క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌లో దీనికి 58, 63, 68 అని మూడే మెట్లు. క్వెస్ట్ 3లో అడుగున ఉన్న చిన్న చక్రం తిప్పి మధ్య అంకెలకూ పోవచ్చు. ఇది కుదరకపోతే కాసేపటికే కళ్లు లాగుతాయి, తలనొప్పి మొదలవుతుంది. ఆ నొప్పికి ఆటనే తప్పుపట్టి హెడ్‌సెట్‌ను అటకెక్కించేవారిని చూస్తే నాకు బాధేస్తుంది.

హెడ్‌సెట్ బరువు మాటకొస్తే, కంప్యూటర్ శాస్త్రవేత్త ఇవాన్ సదర్లాండ్ 1968లో ప్రదర్శించిన హెడ్‌సెట్‌ను పైకప్పు నుంచి దిగిన కడ్డీకి బిగించారు. తల ఎటు తిరిగిందో కొలిచింది కూడా ఆ కడ్డీయే. ఇప్పటి క్వెస్ట్ 3ను మాత్రం తలే మోయాలి, దాని బరువు 515 గ్రాములు. అందులో ఎక్కువ భాగం ముఖం వైపే ఉంటుంది కాబట్టి, పక్క పట్టీలు బిగించి ముఖానికి అదమకుండా నడినెత్తి మీది పట్టీతో బరువు మోయించండి.

ఇక అసలు సంగతి. తెర సెకనుకు 90 బొమ్మలు (90 హెర్ట్జ్) చూపించాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి కంప్యూటర్‌కు దక్కేది సుమారు 11 మిల్లీసెకన్లు. ఆలోపు ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి గీయాలి. పైగా కారుకు అద్దాలుంటాయి. నిజమైన అద్దానికి ఏ శ్రమా లేదు, మీద పడ్డ కాంతిని తిప్పి పంపుతుంది. ఆటలో మాత్రం అద్దంలో కనిపించే దృశ్యాన్ని కంప్యూటర్ విడిగా మరోసారి గీయాలి. ఐరేసింగ్, అసెట్టో కోర్సా లాంటి ఆటల్లో అద్దాల సంఖ్య, నీడల నాణ్యత, కంటికి కనిపించే కార్ల సంఖ్య తగ్గించగానే ఊరట దొరికేది ఇందుకే. గడువులోగా బొమ్మ అందకపోతే చాలా హెడ్‌సెట్లు సెకనుకు 45 బొమ్మలే తీసుకుని, మధ్యలోవి అంచనాతో కల్పిస్తాయి. స్టీరింగ్ అంచులు, పక్కనుంచి దూసుకుపోయే కంచె స్తంభాలు అలల్లా వణికాయంటే ఆ అంచనా తప్పిందన్నమాట. కొత్తవారు ముందుగా రిజల్యూషన్ పెంచుతారు. నా మాట విని ముందు తగ్గించండి. తడబాటు పూర్తిగా పోయాక మెట్టు మెట్టుగా పెంచండి. పరీక్ష కూడా ఒంటరి ప్రాక్టీసులో కాదు, ఇరవై కార్లు బారులు తీరిన స్టార్టింగ్ గ్రిడ్ మీద చేయండి. 120 హెర్ట్జ్ దగ్గర ఊగిసలాడే బొమ్మకన్నా 72 దగ్గర నిలకడగా ఉండే బొమ్మే ఒంటికి హాయి.

ఒంటి మాట ఎందుకంటే, కడుపులో తిప్పడం మొదలయ్యేది లోపలి చెవి నుంచి. కారు గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా బ్రేకు వేసిందని కన్ను చెబుతుంది. కుర్చీ కదలనే లేదని చెవి చెబుతుంది. ఆ తగవు మెదడుకు మింగుడు పడదు. ఆటే కెమెరాను ఊపే సెట్టింగులు ఉంటే అన్నీ సున్నా చేయండి, ఎందుకంటే మీ తల కదలకుండా దృశ్యం కదలకూడదు. దిగంతం వంగకుండా నిలిపే సెట్టింగు ఉంటే మొదట్లో అది వాడుకోండి. కారు గిరగిరా తిరిగితే కళ్లు మూసుకోండి. ఎదురుగా ఫ్యాను పెట్టుకుంటే లెన్సుల మీద ఆవిరి పట్టడం తగ్గుతుంది, ప్రాణానికీ బాగుంటుంది. చెమటలు పట్టిన క్షణమే హెడ్‌సెట్ తీసేయండి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందనే సలహా మాత్రం వినవద్దు.

ఇంత శ్రమా దేనికంటే, కాలిఫోర్నియాలోని లగూనా సెకా సర్క్యూట్‌ను చూడండి. అక్కడి కార్క్‌స్క్రూ మలుపులో రోడ్డు సుమారు 140 మీటర్ల నిడివిలోనే దాదాపు 18 మీటర్లు కిందికి జారుతుంది. బల్లపరుపు మానిటర్ మీద అది మామూలు ఎడమ, కుడి మలుపులానే కనిపిస్తుంది. హెడ్‌సెట్‌లో మాత్రం గట్టు ఎక్కగానే ముందున్న రోడ్డు మాయమవుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. మానిటర్‌కైతే వెడల్పు, కూర్చునే దూరం కొలిచి దృశ్యకోణం లెక్కగట్టాలి. హెడ్‌సెట్‌లో ఆ లెక్క అక్కర్లేదు, కారు కారంతే ఉంటుంది. మలుపు లోపలి అంచును కారు తిరగకముందే తల తిప్పి చూడొచ్చు. పక్కన ఇంకో కారు ఎంత దగ్గరగా ఉందో ఓరకంటికే తెలిసిపోతుంది.

కారుతోపాటు ఊగే సీటు, అంటే కదిలే రిగ్ ఉన్నవారికి ఇంకో చిక్కుంది. రిగ్ ఊగితే దాంతోపాటు తలా కదులుతుంది. హెడ్‌సెట్ దాన్ని మీరే తల ఊపినట్టు లెక్కవేసి దృశ్యాన్ని జరుపుతుంది. రిగ్ కదలికను అందులోంచి తీసేసే సాఫ్ట్‌వేర్ విడిగా పెట్టుకోవాలి.

రేసు మొదలుపెట్టే ముందు సీటుకు వీపు ఆనించి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి, నేరుగా ముందుకు చూస్తూ వ్యూ రీసెంటర్ చేయండి, అంటే దృశ్యాన్ని మీ ఎదుటికి సరిచేసుకోండి. ఆ పనిని స్టీరింగ్ మీది బటన్‌కే కేటాయించుకోండి, హెడ్‌సెట్ పెట్టుకున్నాక కీబోర్డు కనిపించదు. తన కెమెరాలతోనే గదిని చూసుకునే క్వెస్ట్ లాంటివాటికి గదిలో వెలుగుండాలి. అలాగని ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం హెడ్‌సెట్‌ను వదిలిపెట్టవద్దు. లెన్సుల వైపు నుంచి పడిన ఎండ భూతద్దంలోంచి పడినట్టే ఒక చోట పోగై, నిమిషాల్లో తెర మీద చెరగని మచ్చ పెడుతుంది. ఆట అయిపోగానే లెన్సుల మీద గుడ్డ కప్పి లోపల పెట్టేయండి.