ఒక పద్యం - ఒక విఘడియ: ఛందస్సు ఆధారంగా కాలమాన బోధన

కీలకపదాలు: ఘడియ, విఘడియ, గురువు, మాత్ర, అంచనా, ప్రమాణాల మార్పిడి

60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక దినం అని తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థి సైతం విఘడియ ఎంతసేపో చూపమంటే తడబడతాడు. ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు అన్న సమీకరణం గుణకారానికి చాలు, అంచనాకు చాలదు. అంచనా వేయాలంటే ఆ కాలం అనుభవంలో ఉండాలి. ఆ అనుభవాన్ని తెలుగు తరగతిలోని పద్యమే ఇవ్వగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

గురువే కొలమానం

ఆర్యభటీయంలోని కాలక్రియాపాదం 60 గుర్వక్షరాలను పలికే కాలాన్ని వినాడిక అన్నది. అదే మన విఘడియ. (అక్కడ చెప్పినది నాక్షత్ర దినంలోని భాగం. అది మన గడియారపు దినంకంటె సుమారు 4 నిమిషాలు తక్కువ. తరగతిగదిలో ఈ భేదాన్ని విడిచిపెట్టవచ్చు.) ఈ లెక్కన గురువు 0.4 సెకను, లఘువు 0.2 సెకను.

మత్తేభానికి స భ ర న మ య వ గణాలు. పాదానికి 10 గురువులు, 10 లఘువులు, వెరసి 30 మాత్రలు. నాలుగు పాదాలకు 120 మాత్రలు, అనగా 60 గురువుల కాలం. ఒక మత్తేభం సరిగ్గా ఒక విఘడియ! శార్దూలంలో 11 గురువులు, 8 లఘువులు. అక్కడా 30 మాత్రలే. ఉత్పలమాల, చంపకమాలల పాదానికి 28 మాత్రలు కనుక పద్యానికి 22.4 సెకన్లు. లాక్షణికులు కాలమానాన్ని చూసి ఈ వృత్తాలను కల్పించారని నా వాదన కాదు. ఈ సమానత బోధనకు అందివచ్చిన సౌకర్యం మాత్రమే.

పద్యం చదవడానికి ముందే ఎన్ని సెకన్లు పడుతుందో విద్యార్థులు రాసిపెట్టుకోవాలి. తరువాత గణవిభజన చేసి లెక్కకట్టాలి. ఆపై సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచితో కొలవాలి. రాగయుక్తంగా చదివినా, పాదాంతంలో ఆగినా కాలం పెరుగుతుంది. ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అన్న చర్చే ఇందులో విలువైన భాగం. అంచనా తప్పినందుకు మార్కులు తగ్గిస్తే మాత్రం విద్యార్థి ముందు కొలిచి, తరువాత అంచనా రాస్తాడు.

పంచాంగంలోని చిక్కు

సూర్యోదయం మొదలు 23 ఘడియల 30 విఘడియల వరకు ఒక తిథి ఉందనుకుందాం. దీనిని 23.30 అని దశాంశంగా భావించి 24తో గుణిస్తే 559.2 నిమిషాలు వస్తాయి. 30 విఘడియలంటే అర ఘడియ. కనుక గుణించవలసినది 23.5ను. ఫలితం 564 నిమిషాలు, అంటే 9 గంటల 24 నిమిషాలు. రెండున్నర గంటల బస్సు ప్రయాణాన్ని 2.30గా లెక్కలోకి దించే విద్యార్థి చేసే పొరపాటూ ఇదే.

మరొక మెలిక సూర్యోదయానిది. భూమి 60 ఘడియల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, ఘడియకు 6 డిగ్రీలు. హైదరాబాదు రేఖాంశం సుమారు 78.5, శ్రీకాకుళానిది సుమారు 83.9. తేడా 5.4 డిగ్రీలు, అనగా 0.9 ఘడియ, దాదాపు 22 నిమిషాలు. శ్రీకాకుళంలో అంత ముందుగా తెల్లవారుతుంది. అందుచేత ఘడియలను గంటల్లోకి మార్చబోయే విద్యార్థి, ఆ పంచాంగాన్ని ఏ ఊరి సూర్యోదయానికి గణించారో ముందుగా చూసుకోవాలి.