వార్తల్లో పదం: ఛాయ

బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలంటే ఏం వాడాలని చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఆశా కార్యకర్తను అడిగితే చెప్పే పేర్లలో ఇదొకటి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన సెంట్‌క్రోమాన్ మాత్ర. మందుల షాపుల్లో ‘సహేలి’. 2017లో ఛాయగా సర్కారు పంపిణీలోకి వచ్చింది. హార్మోన్లు ఉండవు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి. రోజూ మింగేది కాదు గనక మరచిపోవడమూ సులువే!

చిక్కల్లా, దీనివల్ల నెలసరి ఆలస్యం కావచ్చు. అది మాత్ర ప్రభావమా, నెల తప్పడమా? పూర్వం వేవిళ్లు మొదలయ్యాకే ‘నీళ్లోసుకుంది’ అనేవారు. ఇప్పుడంత ఆగనక్కర్లేదు. ఆలస్యం 15 రోజులు దాటితే ‘నిశ్చయ్’ గర్భనిర్ధారణ కిట్‌తో మూత్రపరీక్ష చేసుకోండి. రెండు గీతలొస్తే మాత్ర ఆపి, ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.