అవిసాకులో 180 ఇటుకల కోట!

ఆకు మీద మచ్చ కంటికి కనిపిస్తుంది. ఆ మచ్చకు కారణమైన వైరస్‌ మాత్రం మామూలు సూక్ష్మదర్శినికి కూడా చిక్కదు. అలాంటిదాన్ని పట్టి, శుభ్రం చేసి, పటికబెల్లంలా స్ఫటికాలు కట్టించి, దాని ఒంట్లోని ఒక్కో ఇటుకనీ లెక్కపెట్టారు శాస్త్రవేత్తలు. ఆ కథలో తిరుపతి చుట్టుపక్కల పెరిగే అవిస చెట్టుకూ ఓ పాత్ర ఉంది.

మినుము చేలో ఆకులు పచ్చబడితే పల్లాకు తెగులంటారు రైతులు. వేరుసెనగలో మొవ్వు ఎండితే మొవ్వుకుళ్లు అంటారు. బొప్పాయి కాయల మీద వలయాలు పడే తెగులు మరొకటి. పేర్లు వేరైనా వీటన్నిటి వెనకా ఉన్నది వైరస్‌లే. శిలీంధ్రం వల్ల వచ్చే తెగులైతే మందు కొట్టి అదుపు చేయొచ్చు. వైరస్‌ సోకిన మొక్కకు చేలో పిచికారీ చేసి నయం చేసే మందు లేదు. ఎందుకంటే వైరస్‌కు సొంత సంసారమంటూ ఉండదు. మొక్క కణంలోకి దూరి, ఆ కణంలోని సరంజామాతోనే తన సంతతిని పెంచుకుంటుంది. దాన్ని చంపాలంటే మొక్కకూ దెబ్బ తగులుతుంది. అందుకే దాన్ని మోసుకొచ్చే తెల్లదోమనో తామర పురుగునో అదుపు చేయడం, తట్టుకునే విత్తనం వేయడం, తెగులు సోకిన మొక్కను పీకేయడం... ఇవే రైతు చేతిలో ఉన్న దారులు.

శత్రువు ఎవరో సరిగ్గా తెలియకపోతే ఈ దారులూ పనిచేయవు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుసెనగను ఓ తెగులు ఊడ్చేసింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. చూడ్డానికి అది మొవ్వుకుళ్లులాగే ఉంది. ప్రయోగశాలలో పరీక్షిస్తే అసలు దోషి వేరే అని తేలింది. దాని పేరు టొబాకో స్ట్రీక్‌ వైరస్‌. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో అది దాక్కుంటుంది. తామర పురుగుల సాయంతో చేలోకి చేరుతుంది. అంటే పోరాటం గట్టు మీది కలుపు నుంచే మొదలవ్వాలన్నమాట!

చక్కెర నీళ్లలో వేట

ఇంతకీ కంటికి కనిపించని వైరస్‌ను పట్టుకునేది ఎలా? మొదటి మెట్టు మన వంటింటి పనిలాగే ఉంటుంది. తెగులు సోకిన ఆకుల్ని ఉప్పులు కలిపిన చల్లటి ద్రావణంలో వేసి రుబ్బుతారు. పిప్పిని వడకట్టేస్తారు. మిగిలిన రసాన్ని సెంట్రిఫ్యూజ్‌ అనే యంత్రంలో పెట్టి తిప్పుతారు. కవ్వం తిప్పితే వెన్న విడివడినట్టు, ఇక్కడ బరువైన ఆకు ముక్కలు అడుగుకు దిగిపోతాయి. తేలికైన వైరస్‌ రేణువులు పైనే ఉంటాయి. ఆ పైతేటను తీసుకుని ఈసారి అంతకు ఎన్నో రెట్ల వేగంతో తిప్పితే వైరస్‌లు కూడా అడుగున పేరుకుంటాయి.

అప్పటికీ వాటిలో చెత్త ఉంటుంది. దాన్ని వదిలించడానికి చక్కెర ద్రావణాన్ని ఆశ్రయిస్తారు. గొట్టంలో పైన పల్చగా, కిందికి వెళ్లేకొద్దీ చిక్కగా ఉండేలా చక్కెర నీళ్లు నింపి, పైన వైరస్‌ను పోసి మళ్లీ తిప్పుతారు. ఒకే పరిమాణం, ఒకే బరువు ఉన్న వైరస్‌ రేణువులన్నీ కలిసికట్టుగా కిందికి జారతాయి. తిప్పడం ఆపాక ఒకేచోట పట్టీలా కనిపిస్తాయి. చీకట్లో గొట్టానికి కాంతి చూపిస్తే ఆ పట్టీ తెల్లగా మెరుస్తుంది. దాన్ని జాగ్రత్తగా బయటికి తీస్తే శుద్ధమైన వైరస్‌ చేతికొచ్చినట్టే. దీన్ని జంతువుల ఒంట్లోకి ఎక్కిస్తే తయారయ్యే యాంటీబాడీలతోనే తెగుళ్లను గుర్తించే పరీక్షలు చేస్తారు.

ఆకారం ఒకటి, అమరిక మరొకటి

పట్టుకున్నాక చూడాలి కదా! మామూలు సూక్ష్మదర్శిని కాంతితో పనిచేస్తుంది. కాంతి తరంగం కన్నా వైరస్‌ మరీ చిన్నది. గుండ్రటి మొక్కల వైరస్‌ల వ్యాసం చాలావాటికి 30 నానోమీటర్లు. అలాంటివాటిని రెండు వేలకు పైగా పక్కపక్కన పేర్చినా మనిషి వెంట్రుక మందాన్ని మించవు. అందుకే కాంతికి బదులు ఎలక్ట్రాన్లను వాడతారు. 1939లో జర్మనీ శాస్త్రవేత్తలు పొగాకు మొజాయిక్‌ వైరస్‌ను ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపులో చూశారు.  అది సన్నటి పుల్లలా ఉంది. పొడవు 300 నానోమీటర్లు, మందం 18.

వైరస్‌ల చుట్టూ యురేనియం లాంటి బరువైన లోహాల లవణాన్ని పూస్తే నల్లటి నేల మీద ముగ్గు చుక్కల్లా తెల్లగా కనిపిస్తాయి. ఆకారం తెలుస్తుంది. కానీ లోపల ఏ ఇటుక ఎక్కడుందో ఆ బొమ్మ చెప్పలేదు. దానికి మరో విద్య కావాలి. అదే ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రం.

చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే పటికబెల్లం పలుకులు కట్టినట్టు, శుద్ధమైన వైరస్‌ ద్రావణం నెమ్మదిగా చిక్కబడితే అందులోనూ స్ఫటికాలు ఏర్పడతాయి. అలాంటి స్ఫటికంలో కోట్లాది వైరస్‌లు ఒకే క్రమంలో పేర్చి ఉంటాయి. దాని మీదికి ఎక్స్‌రేలు పంపితే అవి లోపలి అణువులకు తగిలి చెదిరి, అవతలి తెర మీద వేలాది చుక్కలుగా పడతాయి. ఏ చుక్క ఎక్కడుంది, ఎంత నల్లగా ఉంది అన్న లెక్కల్లోంచి వైరస్‌ రూపాన్ని రాబట్టాలి. నీడల్ని చూసి మనిషి ముఖం గీయడం లాంటి పని అది!

ఆమె చూడని ప్రదర్శన

అమెరికా శాస్త్రవేత్త వెండెల్‌ స్టాన్లీ 1935లో పొగాకు మొజాయిక్‌ వైరస్‌ను స్ఫటిక రూపంలో రాబట్టాడు. ప్రాణమున్నదానిలా పెరిగేది ఉప్పులా గడ్డకట్టడమేంటని లోకం విస్తుపోయింది. అది పూర్తిగా ప్రొటీనే అనుకున్నాడాయన. అందులో ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో బాడెన్‌, పిరీ నిరూపించారు. స్టాన్లీకి 1946లో నోబెల్‌ బహుమతి వచ్చింది.

ఆ పుల్ల లోపలి గుట్టు విప్పింది మాత్రం రోజలిండ్‌ ఫ్రాంక్లిన్‌. డీఎన్‌ఏ నిర్మాణం కనుక్కోవడానికి ఆధారమైన ఎక్స్‌రే చిత్రం ఆమె ప్రయోగశాల నుంచి వచ్చిందే. 1953లో ఆమె లండన్‌లోని బిర్క్‌బెక్‌ కాలేజీకి మారి పొగాకు వైరస్‌ మీద పనిచేసింది. వైరస్‌ పుల్ల నడిమధ్యన గొట్టంలా బోలుగా ఉందనీ, దాని చుట్టూ ప్రొటీన్‌ ఇటుకలు మెలికల మెట్లలా పేర్చి ఉన్నాయనీ, ఆర్‌ఎన్‌ఏ దారం బోలులో కాకుండా ఆ ఇటుకల మధ్యే ఇమిడి ఉందనీ తేలింది. ఒక్కో వైరస్‌లో ఇటుకలు దాదాపు 2,130. బ్రసెల్స్‌లో జరిగే ప్రపంచ ప్రదర్శన కోసం వైరస్‌ భారీ నమూనా తయారుచేయమని ఆమెను అడిగారు. ప్రదర్శన మొదలైంది 1958 ఏప్రిల్‌ 17న. క్యాన్సర్‌తో పోరాడుతూ ఆమె కన్నుమూసింది దానికి ముందురోజు. అప్పటికి ఆమె వయసు 37 ఏళ్లే. ఆమెతో కలిసి పనిచేసిన ఆరన్‌ క్లూగ్‌ 1982లో నోబెల్‌ అందుకున్నాడు.

తిరుపతి నుంచి బెంగళూరుకు...

అవిస మన పల్లెలకు కొత్త కాదు. మేకలకు మేత, ఇంట్లో కూర, తమలపాకు తోటల్లో తీగకు ఆసరా... అన్నీ ఆ చెట్టే. తిరుపతి పరిసరాల్లోని పొలాల్లో ఈ చెట్ల ఆకుల మీద మొజాయిక్‌ మచ్చలు కనిపించాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన పి.శ్రీనివాసులు, ఎం.వి.నాయుడు ఆ వైరస్‌ను శుద్ధి చేసి 1982లో దాని వివరాలు ప్రకటించారు. అదే సెస్బేనియా మొజాయిక్‌ వైరస్‌.

దాని రూపం తేల్చే పని బెంగళూరులోని ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌లో జరిగింది. ఎం.ఆర్‌.ఎన్‌.మూర్తి, హెచ్‌.ఎస్‌.సావిత్రి బృందాలు నాయుడుతో కలిసి స్ఫటికాలు పెంచి ఎక్స్‌రేలకు చూపించాయి. చుక్కల నల్లదనం తెలిసినా ఆ తరంగాలు ఏ దశలో వచ్చాయో తెర చెప్పదు. అది తెలియకుండా బొమ్మ తేలదు. అప్పుడు అక్కరకొచ్చింది చిక్కుడు జాతికి సోకే సదరన్‌ బీన్‌ మొజాయిక్‌ వైరస్‌. దాని నిర్మాణం 1980లోనే వెలువడింది. దగ్గరి చుట్టం కాబట్టి దాని ఆనవాళ్లతో లెక్క మొదలుపెట్టారు. 1993లో కాస్త మసకగా తొలి రూపం వచ్చింది. 1995 నాటికి 3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చిత్రం సిద్ధమైంది. ఒక ఆంగ్‌స్ట్రామ్‌ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు!

ఆ చిత్రంలో కనిపించింది అచ్చం ఫుట్‌బాల్‌ లాంటి కోట. బంతి మీద 12 ఐదు మూలల ముక్కలు, 20 ఆరు మూలల ముక్కలు ఉంటాయి కదా! ఇక్కడా అంతే. అయిదేసి ఇటుకల గుంపులు 12, ఆరేసి ఇటుకల గుంపులు 20. మొత్తం 180. అన్నీ ఒకే రకం ప్రొటీన్‌. వైరస్‌ ఆర్‌ఎన్‌ఏలో ఉండేది సుమారు 4 వేల పైచిలుకు అక్షరాలే. ఇటుకకో రకం చొప్పున రాసుకునేంత చోటు అందులో లేదు. అందుకే ఒకే అచ్చుతో కోటంతా కట్టేస్తుంది.

బోల్టు విప్పితే...

ఇటుకకూ ఇటుకకూ మధ్య కాల్షియం అయాన్లు బోల్టుల్లా పట్టి ఉంచుతాయనీ కనిపించింది. ఆ బోల్టులు ఊడగొడితే కోట బలహీనపడుతుంది. మొక్క కణం లోపల కాల్షియం చాలా తక్కువ. కాబట్టి వైరస్‌ లోపలికి వెళ్లగానే గోడ వదులై ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. మరో చిత్రం కూడా చేశారు. ఇటుకకు ఓ చివర ఉండే 65 అమైనో ఆమ్లాల తోకను కత్తిరించారు. అప్పుడు 180 బదులు 60 ఇటుకలతోనే బుల్లి కోట తయారైంది! కోట ఎంత పెద్దదో నిర్ణయించడంలో ఆ చిన్న తోకదే కీలక పాత్రని దాంతో తేలింది.

ఇప్పుడు స్ఫటికాలు కట్టని వైరస్‌లనూ వదలడం లేదు. ద్రావణాన్ని క్షణంలో గడ్డకట్టించి, వేలాది రేణువుల్ని ఎలక్ట్రాన్లతో ఫొటోలు తీసి, వాటన్నిటినీ కంప్యూటర్లో కలిపి నిలువెత్తు రూపాన్ని తీస్తున్నారు. ఈ క్రయో ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపీకి బాటవేసిన ముగ్గురికి 2017లో రసాయన శాస్త్ర నోబెల్‌ దక్కింది.

ఇన్ని తంటాలూ పడి కోట గుట్టు తెలుసుకుంటే లాభమేంటి? అవిస వైరస్‌ ప్రొటీన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేస్తే రోగం తెచ్చే ఆర్‌ఎన్‌ఏ లేకుండానే ఆ ఇటుకలు వాటంతటవే డొల్ల కోటలుగా అమరిపోతాయి. బెంగళూరు శాస్త్రవేత్తలు వాటికి యాంటీబాడీలను తగిలించి, ప్రయోగశాలలో పెంచిన జంతు కణాల లోపలికి చేర్చగలిగారు. 2016లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మామూలుగా యాంటీబాడీలు తమంతట తాము కణాల లోపలికి వెళ్లలేవు. మందుగా మారడానికి ఇంకా చాలా పరీక్షలు దాటాల్సి ఉన్నా, ఆకును పాడుచేసిన వైరస్‌ చేత మందుల మూట మోయించే పని మాత్రం మొదలైంది.